మనిషికి ధర కట్టింది ఎవరు?
బానిసత్వాన్ని నిలదీసిన నిస్సా గ్రెగరీ జీవితం

కుష్ఠు రోగం వచ్చిన మనుషులను ఊరు ఎలా చూస్తుందో 4వ శతాబ్దంలో ఒక బిషప్ తన ప్రసంగంలో చెప్పాడు. వాళ్లను ఇళ్లలోంచి వెళ్లగొట్టేవాళ్లు. సంతలకు, పండగలకు రానిచ్చేవాళ్లు కాదు. ఊరంతా తాగే ఊట దగ్గరికి వస్తే తరిమేవాళ్లు. నెత్తురు అంటిన నాలుకతో కుక్క వచ్చి నీళ్లు తాగినా ఆ నీళ్లు మైలపడేవి కావు. రోగి దగ్గరికి వస్తే మాత్రం పారే నీరు కూడా పనికిరాకుండా పోయేది. ఇదేం లెక్క అని ఆ బిషప్ తన సంఘాన్ని అడిగాడు.

ఈ లెక్క మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పశువులు తాగే మహద్ చెరువులో మనుషులు నీళ్లు తాగడానికి 1927లో బాబాసాహెబ్ అంబేద్కర్ పెద్ద ఉద్యమమే నడపాల్సి వచ్చింది. తాగునీటి చెరువును మురికి చేయొద్దని అడిగిన దగ్గర మొదలైన గొడవ కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురు మాదిగల హత్య దాకా వెళ్లింది.

ఆ బిషప్ పేరు గ్రెగరీ. ఇప్పటి టర్కీలో ఉన్న నిస్సా అనే చిన్న పట్టణానికి బిషప్ కాబట్టి చరిత్రలో నిస్సా గ్రెగరీగా నిలిచాడు. తెలుగు బైబిల్ చదివేవాళ్లకు పొంతు, కప్పదొకియ పేర్లు తెలిసినవే. ఆయన పుట్టి పెరిగింది, బతికింది ఆ ప్రాంతంలోనే. కుష్ఠు రోగుల గురించి చెప్పిన ఆ నోటితోనే ఆయన మరో మాట కూడా అన్నాడు. మనిషిని కొనడం, అమ్మడం, సొంతం చేసుకోవడం దేవుని మీద చేసే నేరమన్నాడు. బానిసలను బాగా చూసుకోమని చెప్పినవాళ్లు అంతకుముందూ ఉన్నారు, ఆ తర్వాతా ఉన్నారు. అసలు బానిసలను కలిగి ఉండటమే తప్పని ఇంత సూటిగా, ఇంత వాదనతో చెప్పిన రచన ప్రాచీన ప్రపంచం నుంచి మనకు మరొకటి దొరకదని చాలామంది చరిత్రకారులు అంటారు.

ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది? చెప్పాక ఏమైంది? దళిత ఉద్యమంలో ఉన్నవాళ్లు ఆయన జీవితాన్ని ఈ రెండు ప్రశ్నలతో చదవాలి.

అడవిలో దాక్కున్న తాతమ్మల ఇల్లు

గ్రెగరీ సుమారు 335లో పుట్టాడు. ఆయన నాయనమ్మ పేరు మాక్రినా. 4వ శతాబ్దం మొదట్లో రోమన్ ప్రభుత్వం క్రైస్తవులను వేటాడినప్పుడు ఆమె, ఆమె భర్త పొంతు కొండల్లో, అడవుల్లో ఏడేళ్ల పాటు దాక్కుని బతికారని ఆ కుటుంబం చెప్పుకునేది. తల్లి ఎమ్మెలియా తండ్రి అదే కాలంలో ప్రాణమూ ఆస్తీ పోగొట్టుకున్నాడు.

313 తర్వాత రోజులు మారాయి. చక్రవర్తులే క్రైస్తవం వైపు వచ్చారు. నిన్నటి దాకా అణచివేతకు గురైన కుటుంబాలు కొన్ని మళ్లీ ఆస్తులు కూడబెట్టాయి. గ్రెగరీ కుటుంబం అలాంటిదే. తండ్రి పేరున్న అలంకారశాస్త్ర గురువు. వాళ్ల భూములు ఎంత విస్తరించాయంటే తల్లి ముగ్గురు గవర్నర్లకు పన్ను కట్టేదట. అంత భూమి ఉన్న ఇంట్లో బానిసలు ఉంటారు. వీళ్ల ఇంట్లోనూ ఉన్నారు. బానిసత్వాన్ని గ్రెగరీ బయట నుంచి చూసి మాట్లాడలేదు. తను తిన్న రొట్టె, తొడిగిన బట్ట ఎవరి చేతుల మీదుగా వచ్చాయో ఆయనకు తెలుసు.

తొమ్మిదిమందో పదిమందో పిల్లలున్న ఆ ఇంట్లో పెద్దది మాక్రినా. నాయనమ్మ పేరే ఆమెకు పెట్టారు. తర్వాత కైసరయ బిషప్‌గా ప్రపంచ ప్రసిద్ధుడైన బాసిల్ ఆమె తమ్ముడు. ఇంకో తమ్ముడు నౌక్రాటియస్ చదువు, పేరు వదిలేసి అడవికి పోయి, వేటాడి తెచ్చింది దిక్కులేని ముసలివాళ్లకు వండిపెట్టేవాడు. చిన్న వయసులోనే వేటలో చనిపోయాడు. అందరికంటే చిన్నవాడు పీటర్ సెబాస్టే బిషప్ అయ్యాడు. బాసిల్ ఏథెన్స్ దాకా వెళ్లి చదివాడు. గ్రెగరీకి ఆ అవకాశం రాలేదు. అన్న దగ్గర, ఇంట్లో ఉన్న పుస్తకాల దగ్గరే నేర్చుకున్నాడు.

మాక్రినా బల్ల

మాక్రినాకు చిన్నతనంలోనే పెళ్లి కుదిర్చారు. పెళ్లి కాకముందే పిల్లాడు చనిపోయాడు. ఆమె మరో సంబంధానికి ఒప్పుకోలేదు. చనిపోయినవాడు దేవునిలో బతికే ఉన్నాడు, ప్రయాణంలో ఉన్న భర్తకు ద్రోహం చేయనని పట్టుబట్టింది. ఆ రోజుల్లో గొప్పింటి ఆడపిల్ల తన జీవితం గురించి తను నిర్ణయించుకోవడానికి ఇదొక దారి. ఆ దారిలో ఆమె చాలా దూరం వెళ్లింది.

మొదట తల్లికి తన చేతులతో రొట్టె చేసి పెట్టడం మొదలుపెట్టింది. పిండి పిసకడం దాసీల పని. దొరసాని కూతురు ఆ పనికి చేయి పెట్టడమే ఆ ఇంట్లో పెద్ద మార్పు. తండ్రి చనిపోయాక ఐరిస్ నది ఒడ్డున అన్నిసా అనే చోట ఉన్న కుటుంబ ఎస్టేట్‌లో తల్లిని ఒప్పించి ఇంటి పద్ధతినే మార్చేసింది. బానిసలుగా ఉన్న ఆడవాళ్లు అక్కచెల్లెళ్లు అయ్యారు. అందరికీ ఒకటే బల్ల, ఒకటే తిండి, ఒకే రకం పడక. హోదా తేడాలు తీసేశారు. కరువు రోజుల్లో దారి పక్కన వదిలేసిన పసిపిల్లలను తెచ్చి పెంచారు. మాక్రినా చనిపోయిన రోజు అందరికంటే ఎక్కువగా ఏడ్చింది అలా పెరిగిన ఆడపిల్లలేనని గ్రెగరీ రాశాడు.

ఏథెన్స్ నుంచి చదువు గర్వంతో తిరిగొచ్చిన బాసిల్‌ను దారిలో పెట్టింది కూడా ఆమేనని గ్రెగరీ చెప్పాడు. తన విషయంలోనూ ఆమెను గురువనే పిలిచాడు. అక్క చావుకు ముందు తనతో మాట్లాడిన మాటలను ఆత్మ, పునరుత్థానాల మీద ఒక సంభాషణ గ్రంథంగా రాశాడు. అందులో ప్రశ్నలడిగే శిష్యుడు తను. జవాబు చెప్పే గురువు ఆమె. ప్లేటో గ్రంథాల్లో సోక్రటీస్ కూర్చున్న స్థానంలో ఒక స్త్రీని కూర్చోబెట్టాడు. మాక్రినా సొంత చేతితో రాసినదేదీ మిగలలేదు. ఆమె గురించి మనకు తెలిసిందంతా తమ్ముడి కలం నుంచి వచ్చిందే.

రోమ్ సామ్రాజ్యంలో ఈ పద్ధతి ఏమంత చిన్న విషయం కాదు. అదే ఆసియా మైనర్‌లో, 4వ శతాబ్దం మధ్యలో గంగ్రా అనే పట్టణంలో బిషప్‌లు సభ పెట్టారు. దైవభక్తి పేరుతో బానిసలకు యజమానిని లెక్కచేయొద్దని, కొలువు వదిలి పొమ్మని నేర్పేవాళ్లను శపిస్తూ తీర్మానం చేశారు. అంటే అలా నేర్పేవాళ్లు ఆ ప్రాంతంలో ఉన్నారన్నమాట. సన్యాస జీవితం పేరుతో పేదలు, ఆడవాళ్లు, బానిసలు హద్దులు దాటుతుంటే పెద్దలకు భయం వేసింది. మాక్రినా ఇల్లు ఆ అలజడికి దూరంగా లేదు.

అన్న నీడలో బిషప్

గ్రెగరీ మొదట చర్చిలో లేఖనాలు చదివే పని చేశాడు. తర్వాత అది వదిలి తండ్రిలాగే అలంకారశాస్త్రం చెప్పుకున్నాడు. స్నేహితుడు నజియాంజస్ గ్రెగరీ దీని మీద ఆయనకు చీవాట్లు పెడుతూ ఉత్తరం రాశాడు. ఆయనకు పెళ్లయిందనే చాలామంది పండితులు అనుకుంటారు.

368-369 ప్రాంతంలో కప్పదొకియలో పెద్ద కరువు వచ్చింది. ధాన్యం కొట్లు నింపుకున్న భూస్వాములను బాసిల్ ప్రసంగాల్లో ఉతికి ఆరేశాడు. తిండి కోసం ఏ బిడ్డను అమ్మాలో తేల్చుకోలేక నలిగిపోయే తండ్రిని ఆయన కళ్లకు కట్టినట్టు చెప్పాడు. బానిసలు ఎక్కడి నుంచి వస్తారో ఆ తండ్రి కథ చెబుతుంది. యుద్ధంలో దొరికినవాళ్లే కాదు, కరువుకు, అప్పుకు అమ్ముడుపోయిన పిల్లలు కూడా. వడ్డీ వ్యాపారుల మీద అన్నదమ్ములిద్దరూ ప్రసంగాలు చేశారు. వెట్టి కింద తరాలు నలిగిన మన ఊళ్లలో అప్పుకూ బానిసత్వానికీ మధ్య ఉన్న ఈ దారి అందరికీ తెలిసిందే.

370లో బాసిల్ కైసరయ బిషప్ అయ్యాడు. ఊరి బయట రోగులకు, పేదలకు, బాటసారులకు పెద్ద ఆశ్రయం కట్టించాడు. కుష్ఠు రోగులకు కూడా అందులో చోటుంది. ఆసుపత్రి అనే వ్యవస్థ చరిత్ర రాసేవాళ్లు దాని దగ్గర తప్పకుండా ఆగుతారు. గ్రెగరీ కుష్ఠు రోగుల ప్రసంగాన్ని ఈ నేపథ్యంలోనే చదవాలి. వైద్యం కోసం డబ్బిచ్చి చేతులు దులుపుకుంటే చాలదని, వాళ్లను దగ్గరికి తీసుకుని చేత్తో ముట్టుకోవాలని ఆయన వాదన.

దాదాపు 372లో బాసిల్ తమ్ముణ్ని నిస్సా బిషప్‌గా పెట్టాడు. అప్పటి చక్రవర్తి వాలెన్స్ ఏరియన్ వర్గానికి మద్దతిచ్చేవాడు. కుమారుడు తండ్రితో సమానుడు కాదన్న వర్గమది. ఆ పోరులో బాసిల్‌కు నమ్మకమైన బిషప్‌లు కావాలి. గ్రెగరీ నమ్మకస్తుడే కానీ లౌక్యం తెలియదు. ఒకసారి అన్నకూ బాబాయికీ గొడవైతే రాజీ చేద్దామని బాబాయి పేరుతో దొంగ ఉత్తరాలు రాసి దొరికిపోయాడు. బాసిల్ గట్టిగా తిట్టాడు. 376లో ప్రత్యర్థులు చర్చి సొమ్ము దుర్వినియోగం చేశాడని ఆరోపించి ఆయన్ను పదవిలోంచి దించేశారు. రెండేళ్లు ప్రవాసంలో తిరిగాడు. 378లో వాలెన్స్ యుద్ధంలో చనిపోయాక నిస్సాకు తిరిగొచ్చాడు.

కొద్ది నెలల్లోనే బాసిల్ చనిపోయాడు. 379లో అన్నిసాకు వెళ్లేసరికి మాక్రినా చావుకు దగ్గరగా ఉంది. నేల మీద పరిచిన చెక్క మీద పడుకుని ఉంది. చనిపోయాక కప్పడానికి వెతికితే ఆమె ఒంటి మీద ఉన్న పాత బట్టలు తప్ప వేరే ఏమీ లేవు. మూడు రాష్ట్రాల్లో భూములున్న ఇంటి పెద్దకూతురు ఆమె.

ప్రసంగి గ్రంథం మీద ఒక ప్రసంగం

ఆ కాలంలోనే, 378-381 మధ్యలో అని పండితుల అంచనా, గ్రెగరీ ప్రసంగి గ్రంథం మీద వరుస ప్రసంగాలు చేశాడు. రెండో అధ్యాయంలో రాజు తను సంపాదించినవన్నీ ఏకరువు పెడతాడు. ఇళ్లు, ద్రాక్షతోటలు, తోటలు, కొలనులు. ఆ వరుసలోనే దాసదాసీలను కొన్నానంటాడు. అందరూ ఆగకుండా చదువుకుంటూ పోయే ఆ మాట దగ్గర గ్రెగరీ ఆగాడు. నాలుగో ప్రసంగం మొదటి భాగమంతా దాని మీదే.

ఇళ్లూ తోటలూ వ్యర్థమైన ఆడంబరాలు. మనిషిని కొన్నానని చెప్పుకోవడం వేరు, అది దేవునికే ఎదురు తిరగడం అన్నాడు. మనిషి స్వభావం స్వేచ్ఛతో పుట్టింది, దాన్ని బానిసత్వానికి అప్పగించినవాడు దేవుని చట్టాన్ని కొట్టేసి తన చట్టం పెడుతున్నాడన్నాడు. దేవుడు మనిషికి అధికారం ఇచ్చింది పశువుల మీద, నేల మీద. తోటి మనిషి మీద కాదు. ఒకే మానవ స్వభావాన్ని రెండు ముక్కలు చేసి, ఒక ముక్కను యజమాని అనీ, ఇంకో ముక్కను బానిస అనీ పిలిస్తే స్వభావం తనకు తానే బానిసై, తనకు తానే యజమాని అవుతుంది కదా అని లాజిక్ తీశాడు.

తర్వాత ధర సంగతి ఎత్తుకున్నాడు. మనిషి బుద్ధికి ఎన్ని నాణేలు తూచి ఇచ్చావని కొన్నవాణ్ని అడిగాడు. మనిషి దేవుని స్వరూపమనీ, భూమి మీద ఉన్నదంతా అతని ఏలుబడిలో ఉందనీ ఆదికాండం చెబుతుంది. పొలం అమ్మితే పొలంలో ఉన్నదంతా లెక్కలోకి వస్తుంది. మరి భూమికే యజమాని అయిన మనిషిని అమ్మితే భూమి, సముద్రం, వాటిలో ఉన్నదంతా లెక్కలోకి రావాలి. అప్పుడు కూడా ధర సరిపోదు, ఎందుకంటే ప్రపంచమంతా కలిపినా ఒక మనిషితో తూగదు. దేవుడే మనిషికి స్వేచ్ఛ ఇచ్చి, పాపానికి బానిసైనవాణ్ని మళ్లీ స్వేచ్ఛలోకి పిలిచాడు. దేవుడే చేయని పనిని నువ్వెలా చేస్తావని అడిగాడు.

బానిసను కొన్న కాగితాన్ని కూడా వదల్లేదు. ఆ పత్రం చెదలు తింటే, నీటిచుక్క పడి అక్షరాలు చెరిగిపోతే నీ హక్కు ఎక్కడుంటుందని ప్రశ్నించాడు. యజమానీ బానిసా ఒకే రకంగా పుడతారు, ఒకే గాలి పీలుస్తారు, ఒకే ఎండ చూస్తారు, సుఖదుఃఖాలు, రోగాలు, చావు ఇద్దరికీ ఒకటే. చివరికి ఇద్దరూ మట్టే. మరి తేడా ఎక్కడని అడిగి ఆ చర్చ ముగించాడు.

మనువు ధర్మశాస్త్రాన్ని తగలబెట్టిన ఉద్యమ వారసులకు ఈ వాదన బలం ఇట్టే తెలుస్తుంది. కాగితం మీద రాత వల్ల, పుట్టుక మీద వేసిన ముద్ర వల్ల ఒక మనిషి ఇంకో మనిషి కిందికి ఎలా వస్తాడన్నదే ఇక్కడ ప్రశ్న. అరిస్టాటిల్ కొందరు పుట్టుకతోనే బానిసలన్నాడు. సొంత అన్న బాసిల్ ఎవరూ స్వభావం చేత బానిసలు కారని ఒప్పుకున్నాడు గానీ, తెలివి తక్కువవాళ్లు తెలివైనవాళ్ల కింద ఉండటం వాళ్లకే మంచిదని సర్దుకున్నాడు. పశ్చిమాన అగస్టిన్ బానిసత్వం పాపం వల్ల వచ్చిన శిక్ష అని సిద్ధాంతం కట్టాడు. అగస్టిన్ చెప్పింది మానవజాతి మొత్తం పాపం గురించే అయినా, కింద ఉన్నవాడు తన స్థితిని శిక్షగా భరించాలనే సారాంశం మనకు పూర్వజన్మ కర్మను గుర్తు చేయకపోదు. గ్రెగరీ ఆ తలుపులన్నీ మూశాడు.

చెప్పాక ఏమైంది?

ఇక్కడే ఈ జీవితకథ మనల్ని ఇబ్బంది పెడుతుంది. 381లో కాన్‌స్టాంటినోపుల్ మహాసభలో గ్రెగరీ ముఖ్యుడు. ఆ సభ తర్వాత థియోడోసియస్ చక్రవర్తి వేసిన శాసనంలో ఎవరితో ఏకీభవిస్తే సరైన విశ్వాసం ఉన్నట్టో చెబుతూ రాసిన బిషప్‌ల పేర్లలో ఆయన పేరుంది. చక్రవర్తి కూతురు, భార్య చనిపోతే అంత్యక్రియల ప్రసంగాలు చేసింది ఆయనే. రాజు చెవి దాకా మాట చేర్చగలిగిన స్థాయి. అయినా బానిసత్వాన్ని రద్దు చేసే చట్టం అడిగినట్టు ఆయన రచనల్లో లేదు. బానిసలను కూడగట్టలేదు. తన సంఘంలో బానిసలున్న కుటుంబాలను వెలి వేయలేదు. మోషే జీవితం మీద, పరమగీతం మీద గొప్ప గ్రంథాలు రాశాడు. మంచితనంలో మనిషి ఎదుగుదలకు అంతు లేదన్నాడు. చివరికి చెడు అంతమై అందరూ బాగుపడతారని ఆశపడ్డాడు. 394లో రాజధానిలో ఒక సభలో కనిపించాడు. ఆ తర్వాత కొద్దికాలానికి చనిపోయాడు.

ఆయన దైవశాస్త్రం బతికింది. త్రిత్వం గురించి ఆయన, బాసిల్, నజియాంజస్ గ్రెగరీ ముగ్గురూ చెప్పింది ఇవాళ్టికీ క్రైస్తవ విశ్వాసానికి పునాది. ఆసుపత్రులు, అనాథాశ్రమాలు, పేదల పట్ల బాధ్యత అనే ఆలోచన ప్రపంచమంతా పాకింది. బానిసత్వం మీద ప్రసంగం మాత్రం పుస్తకాల్లో ఉండిపోయింది. 1452లో పోప్ ఐదో నికొలస్ క్రైస్తవేతరులను శాశ్వత బానిసలుగా చేసుకునే అనుమతి పోర్చుగల్ రాజుకు ఇచ్చాడు. తర్వాత కర్నూలు, కడప ప్రాంతాల పల్లెల్లో పనిచేసిన ఎస్పీజీ మిషన్ సంస్థ, 1830ల దాకా బార్బడోస్‌లోని కాడ్రింగ్టన్ చెరకు తోటలో బానిసల చేత పని చేయించింది. మనిషి దేవుని స్వరూపమని ఆ తోటలోనూ బోధించారు.

మన గుడారంలో ఈ ప్రశ్న

1878 జూలైలో ఒంగోలు ప్రాంతంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో అత్యధికులు మాదిగలు. కరువు రోజులు అవి. తిండి కోసమే వెళ్లారని ఎగతాళి చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తిండితోపాటు తాము మనుషులమనే మాట కూడా వాళ్లకు అక్కడ వినబడింది. పేరు మారింది, బడి దొరికింది, పల్లె నుంచి టీచర్లు, నర్సులు, పాస్టర్లు వచ్చారు. ఆ మార్పును ఎవరూ కొట్టేయలేరు.

అయితే కులం చర్చిలోకి కూడా వచ్చింది. ఒకే ఊళ్లో మాలలకో చర్చి, మాదిగలకో చర్చి. ఆధిపత్య కులాల నుంచి వచ్చిన క్రైస్తవులకు వేరే శ్మశానం, వేరే సంబంధాలు. బయట 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మతం మారిన దళితుణ్ని షెడ్యూల్డ్ కులాల జాబితా నుంచి తీసేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హక్కు తిరిగొచ్చింది. క్రైస్తవ, ముస్లిం దళితులు దశాబ్దాలుగా అడుగుతూనే వచ్చారు. లోపల సమానత్వం పూర్తిగా రాలేదు, బయట రక్షణ పోయింది.

మనిషి దేవుని స్వరూపం అనే వాక్యం ప్రతి ఆదివారం వినబడుతుంది. అగస్టిన్‌కూ, పోప్ నికొలస్‌కూ, కాడ్రింగ్టన్ తోట యజమానులకూ ఆ వాక్యం తెలుసు. గ్రెగరీ ఒక్కడికే అందులోంచి మనిషికి ధర ఎవరు కట్టారనే ప్రశ్న ఎందుకు పుట్టింది? నా జవాబు మాక్రినా బల్ల. గ్రెగరీ పుస్తకంలో చదివిన వాక్యాన్ని అక్క ఇంట్లో కళ్లారా చూశాడు. నిన్నటి దొరసాని, నిన్నటి దాసి ఒకే రొట్టె విరుచుకుని తినడం చూశాడు. చూసినదాన్ని వాదనగా మలిచాడు. ఆ బల్లను దేశమంతటా వేసే ఉద్యమం లేకపోవడంతో ఆ వాదన పుస్తకంలో ఆగిపోయింది.

దళిత క్రైస్తవ విద్యార్థులు గ్రెగరీని మన వాదనల్లోకి తెచ్చుకోవాలి. చర్చి చరిత్రలో సమానత్వం నిన్నమొన్న అమెరికా నుంచి వచ్చిన అరువు సరుకు కాదని, 1,600 ఏళ్ల కిందటి బిషప్ నోట వచ్చిన మాటని చెప్పుకోవడానికి అది పనికొస్తుంది. పెద్దలు ఆయన్ను పరిశుద్ధుడని గౌరవిస్తారు కాబట్టి ఆ మాటను కొట్టేయడం వాళ్లకు కష్టం. ప్రభువు బల్ల దగ్గర అందరూ ఒకటే అని చెప్పే సంఘంలో శ్మశానం గోడ ఎందుకుందో, పెళ్లి సంబంధం అడిగేటప్పుడు కులం ఎందుకు అడుగుతున్నారో, బిషప్ ఎన్నికల్లో ఎవరి కులం లెక్కల్లోకి వస్తోందో సంఘ కమిటీ సమావేశంలో నిలబడి అడగాలి. ఆయన ప్రసంగం చదివి ఆగిపోతే, ఆయన ఆగిన చోటే మనమూ ఆగినట్టు.